ఉప్పు దారి: ఛత్తీస్‌గఢ్ మైదానానికీ తెలుగు తీరానికీ మధ్య పెరికెద్దుల బిడారులు

రాయపూర్, దుర్గ్ మైదానంలో వడ్లకు కొదవ లేదు. ఉప్పు మాత్రం చిటికెడు కూడా పుట్టదు. నాలుగు దిక్కులా కొండలూ అడవులూ కమ్ముకున్న ఈ పల్లపు నేలలో పండిన ధాన్యం బయటికి పోవడానికి పడవలు నడిచే నది మహానది ఒక్కటే. అదీ తూర్పున కటకం వైపు పోతుంది, ఏడాదిలో కొన్ని నెలలే సాయపడుతుంది. దక్షిణాన కొండల అవతల, భీమునిపట్నం నుంచి నౌపడ దాకా తెలుగు తీరం పొడవునా ఉప్పుమళ్లు. రెండు చోట్లకూ మధ్య అయిదు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ దూరంలో ఎక్కువ భాగం బస్తర్, జయపురం సంస్థానాల అడవి. బండి చక్రం దొర్లే బాట 19వ శతాబ్దం నడిమి దాకా లేదు. ఈ ఎడాన్ని కొన్ని వందల ఏళ్లపాటు ఎద్దుల వీపుల మీద దాటించినవాళ్లు బంజారాలు, తెలుగునాట లంబాడీలు, సుగాలీలు అనే పేర్లతో తెలిసినవాళ్లు.

ఈ దారి ఉత్తరపు కొస ఇప్పుడు భిలాయి ఉక్కు నగరం ఉన్న చోటుకు దగ్గరగా ఉండేది. శివనాథ్ నదికీ ఖారూన్ నదికీ మధ్య, దుర్గ్ కోటకు తూర్పున ఉన్న పొలాలూ చెరువులూ ఊళ్లూ 1955 తర్వాత సెక్టర్లయ్యాయి. సెక్టర్ 7లో కల్యాణ్ కళాశాల చుట్టుపక్కల వీధుల నుంచి ఉత్తరంగా వెళ్లి రైలు పట్టాలు దాటితే పెద్ద రోడ్డు వస్తుంది. భిలాయిలో అందరూ దాన్ని జి.ఇ. రోడ్ అంటారు. గ్రేట్ ఈస్టర్న్ రోడ్ అన్న పూర్తి పేరు పలికేవాళ్లు తక్కువ. నాగపూర్ నుంచి రాయపూర్‌కు బ్రిటిష్‌వాళ్లు 1860ల్లో వేయించిన రహదారి అది. అంతకుముందు ఇదే దిశలో ఎద్దుల బిడారులు నడిచేవి. దుర్గ్, రాయపూర్, ధమ్తరీల దగ్గర ధాన్యం ఎత్తుకుని కొన్ని పడమటికి నాగపూర్, బేరార్ వైపు, కొన్ని దక్షిణానికి కాంకేర్ వైపు సాగేవి.

బరువు మోసే ఎద్దుకు తెలుగులో పెరికెద్దు అని పేరు. లంబాడీలు రాకముందే తెలుగుదేశంలో ఈ వృత్తి ఉంది. కాకతీయుల కాలపు శాసనాల్లో పెరికెద్దుల ప్రస్తావన కనిపిస్తుంది. పెరిక అన్న కులం పేరు కూడా ఆ పని నుంచి వచ్చిందే. తీరంలో ఉప్పును గాడిదల మీదా ఎద్దుల మీదా లోపలి ఊళ్లకు చేరవేసిన ఎరుకలవాళ్లలో ఒక తెగకు ఉప్పు ఎరుకలని పేరు. అయితే వీళ్లంతా సంత నుంచి సంతకు, మహా అయితే ఒక కనుమ దాటి వెళ్లేవాళ్లు. నెలల తరబడి, వేల పశువులతో, రాజ్యాల సరిహద్దులు దాటిపోయే వ్యాపారం బంజారాలదే.

ఆ వ్యాపారం ఎంత పెద్దదో చెప్పే తొలి నమ్మకమైన వివరం ఉత్తరాదిది. 1632లో ఆగ్రా, పాట్నాల మధ్య ప్రయాణిస్తున్న పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడికి దారిలో ఒక తాండా, అంటే బంజారాల ఎద్దుల బిడారు, ఎదురైంది. అందులో 14,000 ఎద్దులు, ఆరేడు వందల మంది మనుషులు: మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. ఎద్దులు వాళ్ల సొంతం. రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరనీ, అదీ పొద్దుటి చల్లని వేళలోనే అనీ, బరువు దించగానే పశువులను మేతకు వదులుతారనీ ఆయన రాసుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే ఇలాంటివాళ్లలో నాలుగు తెగలున్నాయనీ, ఒక్కో తెగ ఒక్కో సరుకే మోస్తుందనీ రాశాడు: గోధుమ మొదలైన ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు. నాలుగు తెగల మధ్య గీత అంత గట్టిగా ఉండేదని నమ్మడం కష్టం. ఛత్తీస్‌గఢ్ దారిలో ఒకే తాండా పోయేటప్పుడు వడ్లు, వచ్చేటప్పుడు ఉప్పు మోసేది. అలా మోయకపోతే ఒకవైపు ప్రయాణమంతా ఖాళీ ఎద్దులను మేపడమే అవుతుంది.

దక్కన్‌లోకి వాళ్లు పెద్ద సంఖ్యలో రావడం మొగలు సైన్యాల వెంట జరిగింది. షాజహాన్ కాలంలో ఆసఫ్‌ఖాన్ దండయాత్రకు ధాన్యం మోసిన భంగీ, జంగీ అనే నాయకుల దగ్గర 1,80,000 ఎద్దులుండేవని బంజారాలు చెప్పుకుంటారు. అంకె సంగతి ఎలా ఉన్నా, యుద్ధం ఎక్కడుంటే తాండాలు అక్కడుండేవన్నది మాత్రం నిజం. 1791-92లో టిపూ సుల్తాను మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికీ, 1803లో మరాఠాలతో పోరాడిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యానికీ తిండి గింజలు అందించింది వీళ్లే. తాండాను దోచుకోవడం ఏ పక్షానికైనా నష్టమే కాబట్టి రెండు సేనల మధ్య నుంచి కూడా అది నడిచిపోగలిగేది.

ఛత్తీస్‌గఢ్ నుంచి తెలుగు జిల్లాలకు ఉన్న దారులను గురించి రాసిన తొలి బ్రిటిష్ అధికారుల్లో ఇద్దరు ముఖ్యులు. డేనియల్ లెకీ 1790లో కటకం నుంచి నాగపూర్ వెళ్తూ బోడాసాంబర్, డోంగర్‌గఢ్ మీదుగా ప్రయాణించాడు. అతని దినచర్య శీర్షికలోనే దక్షిణ బంజారా ఘాట్ అని ఒక కనుమ పేరుంది. కనుమను దాన్ని దాటే రాజు పేరుతోనో దేవుడి పేరుతోనో కాక ఎద్దులవాళ్ల పేరుతో పిలిచారంటే ఆ దారి ఎవరిదో తెలుస్తూనే ఉంది. రెండోవాడు కెప్టెన్ జేమ్స్ టిల్యర్ బ్లంట్. కాశీ దగ్గరి చునార్ నుంచి ఏలూరు సర్కారులోని ఎర్నగూడెం దాకా దారి కనిపెట్టి కొలవమని 1795లో ఈస్టిండియా కంపెనీ అతన్ని పంపింది. రతన్‌పూర్, రాయపూర్ మీదుగా కాంకేర్ చేరి, అక్కడి నుంచి నేరుగా బస్తర్‌లోకి దిగాలని చూశాడు. గోండుల ప్రతిఘటన ఎదురై వెనుదిరిగి, పడమటగా వైరాగఢ్, చాందా వైపు చుట్టు తిరిగి గోదావరి చేరాడు.

బ్లంట్ వెంట తుపాకులున్న సిపాయిలున్నారు. అయినా బస్తర్ దాటలేకపోయాడు. అదే బస్తర్‌లోకి బంజారాలు ఏటా పిల్లాపాపలతో పోయి వచ్చేవాళ్లు. తేడా ఆయుధాల్లో లేదు. అడవిలో ఉన్నవాళ్లకు ఉప్పు కావాలి. నేల కొలిచే గొలుసు అక్కర్లేదు. పంట బాగా పండిన ఏడాది ఛత్తీస్‌గఢ్ నుంచి ధాన్యం తీసుకెళ్లడానికి లక్ష ఎద్దుల దాకా పనిచేస్తాయని బ్లంట్ విన్నాడు. ఎద్దుకు క్వింటాలు చొప్పున లెక్కగడితే పదివేల టన్నులు. నేటి లెక్కలో అది మూడు గూడ్సు రైళ్ల సరుకుకు మించదు. ఆ మూడు రైళ్ల సరుకు కదలడానికి అప్పట్లో లక్ష పశువులూ, వాటిని తోలే కొన్ని వేల కుటుంబాలూ, అందరికీ సరిపడా గడ్డీ నీళ్లూ కావలసి వచ్చేవి.

దక్షిణపు దారి ధమ్తరీ దాటాక కాంకేర్ మీదుగా కేశ్‌కాల్ కనుమ ఎక్కేది. మైదానం ఇక్కడ ఒక్కసారిగా అయిపోయి బస్తర్ పీఠభూమి మొదలవుతుంది. ఇప్పుడు బస్సులు పన్నెండు మలుపులు తిరిగి ఎక్కే ఈ కనుమలో తేలిన్ మాత గుడి దగ్గర డ్రైవర్లు ఆగి దండం పెట్టుకుంటారు. పైన కొండగావ్, జగ్దల్‌పూర్. అక్కడి నుంచి ఇంద్రావతి పక్కగా కోట్‌పాడ్, జయపురం. ఆ తర్వాత తూర్పు కనుమల అంచు. పొట్టంగి దాటి పాచిపెంట, సాలూరు వైపు దిగితే తెలుగు మాట వినిపించే మన్యం, ఆపైన బొబ్బిలి, విజయనగరం, సముద్రం. ఇంకో దారి పడమటగా వైరాగఢ్, సిరోంచాల మీదుగా గోదావరికి. ఆ దారిలో బేరార్ పత్తి ప్రధాన సరుకు.

బస్తర్ రాజవంశం తమ మూలపురుషుడు అన్నమదేవుడు కాకతీయుల పతనం తర్వాత ఓరుగల్లు నుంచి వచ్చాడని చెప్పుకుంటుంది. అంటే ఈ అడవి దారుల్లో తెలుగువాళ్ల రాకపోకలు ఉప్పు వ్యాపారం కంటే పాతవి కావచ్చు. ఆ రాజులకూ జయపురం రాజులకూ బిడారులు ఒక ఆదాయ మార్గం. ఎద్దుకింత అని సుంకం, కనుమకింత అని కానుక. 18వ శతాబ్దం చివర కోట్‌పాడ్ పరగణా కోసం బస్తర్, జయపురాలు తగువుపడినప్పుడు భూమితోపాటు దారి సుంకం వసూలు హక్కు కూడా ఆ తగువులో ఒక భాగమైంది. అడవిలో శిస్తు రాబట్టడం కష్టం. దారి మీద నిలబడి ఎద్దులను లెక్కపెట్టడం తేలిక.

ఈ ప్రయాణంలో కొత్తవాళ్లకు అన్నిటికంటే వింతగా తోచేది దాని కాలం. ఛత్తీస్‌గఢ్‌లో వైశాఖ జ్యేష్ఠాల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉప్పు బిడారులు కొండలెక్కేవి. కారణం ఎద్దులవాళ్ల మొండితనం కాదు, పంటల లెక్క. ఇక్కడ వరి కార్తీక మార్గశిరాల్లో ఇంటికొస్తుంది. కళ్లాలు తేలాక వడ్లు కొని పుష్యమాసంలో బయల్దేరితే తీరం చేరేసరికి మాఘం ఫాల్గుణం అవుతుంది. ఉప్పుమళ్లలో కొత్త ఉప్పు తేలేది అప్పుడే. దాన్ని నింపుకుని తిరుగు దారి పట్టేసరికి ఎండలు ముదురుతాయి. ఆగుదామంటే వీల్లేదు. వానలు పడితే నల్లరేగడిలో ఎద్దు కాలు మోకాలి దాకా దిగుతుంది, ఇంద్రావతీ మహానదీ పొంగుతాయి, అన్నిటినీ మించి ఉప్పు కరిగిపోతుంది. మృగశిర కార్తె ముంచుకొచ్చేలోగా సరుకు ఒడ్డుకు చేరాలి. అందుకని ఏడాదిలో అన్నిటికంటే వేడి నెలలే దారి నెలలయ్యాయి.

ఎండలో నడిపే పద్ధతి కూడా అందుకు తగ్గట్టే ఉండేది. తెల్లవారుజామున కదిలి, పొద్దెక్కి నేల కాలకముందే దించేసేవాళ్లు. మండీ చెప్పిన రోజుకు పది, పదకొండు కిలోమీటర్ల లెక్కన రాయపూర్ నుంచి సముద్రానికి ఏభై రోజుల దాకా పడుతుంది. మజిలీ ఎక్కడన్నది దూరం తేల్చేది కాదు, నీళ్లూ గడ్డీ తేల్చేవి. వెయ్యి ఎద్దులు ఒక చిన్న కుంటలో దిగితే సాయంత్రానికి అందులో బురదే మిగులుతుంది. కాబట్టి పెద్ద తాండా ఒకటిగా కదిలినా ముక్కలు ముక్కలుగా, ఒకదాని వెనక ఒకటి రెండు రోజుల ఎడంలో సాగాల్సి వచ్చేది. ముందు పోయినవాళ్లకు తేట నీరు, వెనకవాళ్లకు మిగిలింది. ఎవరు ముందన్నది తాండా పెద్ద, అంటే నాయక్, తేల్చాల్సిన తగువుల్లో ఒకటి.

సామాన్ల విషయంలో వాళ్ల నేర్పు దగ్గరగా చూడదగ్గది. జనుపనారతో ఆడవాళ్లే నేసిన జంట గోనెలను ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడేలా వేసేవాళ్లు. కింద మెత్తగా కుట్టిన గంత. రెండు వైపులా బరువు సమంగా ఉంటే కట్టుతాళ్ల పని అంతగా ఉండదు. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టి ఎత్తితే ఎద్దు బయటికి వచ్చేస్తుంది. వందల ఎద్దులను రోజుకొకసారి దించి, మళ్లీ తెల్లారకముందే ఎత్తాలంటే ఈ సులువు తప్పనిసరి. ఉప్పుతో ఇంకో చిక్కు ఉంది. గల్లుప్పు గాలిలో తడి పీల్చి చెమ్మగిల్లితే ఆ ఉప్పునీరు గోనె నుంచి కారి గంత కిందికి పోయి ఎద్దు వీపు పుండు పడుతుంది. వీపు పుండు పడ్డ ఎద్దు ఆ ఏడాదికి పనికిరాదు. మజిలీలో గంతలు విప్పి ఎండబెట్టడం వంట కంటే ముందు జరిగే పని కావడానికి కారణం ఇదే.

దించిన గోనెలను ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలా కట్టేవాళ్లు. రాత్రి పశువులు ఆ గోడ లోపల, దానిమీద ముళ్లకంప, బయట కుక్కలు. కాంకేర్, కేశ్‌కాల్ అడవుల్లో అప్పట్లో పులులు ఎక్కువ. సరుకే కోటగోడ కావడంతో గుడారాల అవసరం కూడా సగం తీరేది. తాండా మొత్తానికి ముందు నడిచే ఎద్దు ఒకటుండేది. 19వ శతాబ్దపు వర్ణనల్లో దాని పేరు హటాదియ. దాన్ని బాలాజీకి అర్పించేవాళ్లు. దానిమీద ఎప్పుడూ బరువు వేయరు. ఎర్రపట్టు కుచ్చులూ గవ్వల పేటలూ మెడలో ఇత్తడి గంటలూ కట్టి ముందు నడిపించేవాళ్లు. అది అలసి ఎక్కడ పడుకుంటే ఆ రోజుకు అదే మజిలీ అని ఆనవాయితీ. భక్తి సంగతి పక్కన పెట్టినా ఇది తెలివైన ఏర్పాటే. బరువు లేని ఎద్దే ఇక నడవలేనప్పుడు క్వింటాలు మోస్తున్న వెనకవాటి పరిస్థితి చెప్పక్కర్లేదు. దేవుడి పేరుతో కూర్చుంది గనక నాయక్‌ను తప్పుపట్టేవాడూ ఉండడు.

బాలాజీ మీద బంజారాల భక్తి తిరుమలతో ముడిపడింది. వేంకటేశ్వరుడితో పాచికలాడినట్టు కథలున్న హాథీరాం బావాజీని వాళ్లు తమవాడిగా చెప్పుకుంటారు. ఆయన పేరిట వెలసిన మఠం 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ చూసింది. ఉత్తరాది నుంచి దక్షిణానికి నడిచే వ్యాపారులు తమ ముందు ఎద్దును కొండమీది దేవుడికి అంకితం ఇవ్వడంలో దారి కూడా కొంత కనిపిస్తుంది. అడవిలో మాత్రం వాళ్ల దైవం బంజారీ దేవి. ఆమె గుడి అంటే చాలా చోట్ల కనుమ దగ్గర కుప్పగా పోసిన రాళ్లే. ఛత్తీస్‌గఢ్‌లో ఆ పేరుతో గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రాయపూర్‌లో బిలాస్‌పూర్ రోడ్డు మీది బంజారీ మందిరం పెద్ద యాత్రాస్థలమైంది.

నీళ్ల కోసం వాళ్లు చెరువులు తవ్వించారన్న కథలు ఈ మైదానమంతటా వినిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్ అసలే చెరువుల దేశం. దుర్గ్‌కు ఉత్తరాన ఉన్న ధమ్‌ధాలో ఆరు ఇరవైలు, పైన ఆరు, అంటే 126 చెరువులుండేవని జనం చెప్పుకుంటారు. రతన్‌పూర్‌కూ అదే లెక్క చెబుతారు. అన్నీ బంజారాలు తవ్వించారనడం అతిశయోక్తే. చెరువు తవ్వించేది సాధారణంగా ఊరి పెద్దో రాజో. కానీ దారి వెంట మజిలీకొకటి చొప్పున కనిపించే కుంటలకు మాత్రం ఎద్దులవాళ్ల అవసరం తప్ప వేరే కారణం వెతకడం కష్టం.

బంజారాల జాడ అన్నిటికంటే స్పష్టంగా మిగిలింది బాలోద్ దగ్గర ఖప్రీ గ్రామంలో. అది ఇదివరకటి దుర్గ్ జిల్లాలోదే; భిలాయికి ఇనుప ఖనిజం వచ్చే దల్లీ రాజ్‌హరా గనులు ఉన్న వైపు. అక్కడి కుకుర్‌దేవ్ గుడి నాగవంశీయుల కాలపు కట్టడం. గర్భగుడిలో శివలింగం ఉన్నా, జనం వచ్చేది కుక్క కోసం. కథ ఇలా చెబుతారు. కరువులో చేతిలో డబ్బులేని ఒక బంజారా తన కుక్కను సాహుకారు దగ్గర తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. సాహుకారు ఇంట్లో దొంగలు పడి సొమ్ము దోచుకుని చెరువు దగ్గర దాచారు. కుక్క సాహుకారు పంచె పట్టి లాక్కెళ్లి ఆ చోటు చూపించింది. సంతోషించిన సాహుకారు అప్పు తీరిపోయిందని చీటీ రాసి కుక్క మెడకు కట్టి పంపేశాడు. దూరం నుంచి కుక్క రావడం చూసిన బంజారా, మాట తప్పి పారిపోయి వచ్చిందనుకుని కొట్టి చంపాడు. ఆ తర్వాత చీటీ చూశాడు. చచ్చిన కుక్కకు గుడి కట్టించాడు.

నమ్మిన జంతువును తొందరపడి చంపే కథలు లోకంలో చాలా ఉన్నాయి. ముంగిసను చంపిన బ్రాహ్మణి కథ తెలుగు పిల్లలందరికీ తెలిసిందే. ఖప్రీ కథలో తీసిపారేయలేనిది తాకట్టు. దారి వ్యాపారం చేతి సొమ్ముతో నడవదు. కళ్లంలో వడ్లు కొనడానికి అప్పు కావాలి, ఉప్పు అమ్మాక తీర్చాలి, మధ్యలో ఆరు నెలలు. పొలమూ ఇల్లూ లేనివాడు తాకట్టు పెట్టగలిగింది ఎద్దులో కుక్కో తన మాటో. సాహుకారు దగ్గర మాట పోతే మరుసటి ఏడు తాండా లేవదు. కుక్క పారిపోయి వచ్చిందనుకున్నప్పుడు బంజారాకు వచ్చిన కోపం వెనక ఉన్న భయం అది. శాసనాల్లోనూ రికార్డుల్లోనూ కనపడని అప్పుల లెక్క ఈ కథలో మిగిలింది.

ఉప్పు తాండాతోనే ఊళ్లకు చేరిపోయేది కాదు. జగ్దల్‌పూర్, కోట్‌పాడ్, జయపురం లాంటి చోట్ల కోమట్లూ చిన్న వ్యాపారులూ దాన్ని దించుకుని సంతలకు పంపేవాళ్లు. అక్కడి నుంచి కావడి మీద కొండలెక్కేది. అడవి మనుషులు ఉప్పుకు చింతపండు, కరక్కాయలు, లక్క, మైనం, ఇప్పపువ్వు ఇచ్చేవాళ్లు. ఈ మారకంలో నష్టం ఎప్పుడూ ఒకవైపే. చింతపండు ఏడాది ఆగినా పాడవదు, ఉప్పు లేకుండా వారం గడవదు. ఏజెన్సీ సంతల్లో మోసపు కొలతల గురించి తర్వాతి కాలపు అధికారులు పదేపదే రాసిన ఫిర్యాదులకు మూలం ఇక్కడుంది.

1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు తయారీని తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. మళ్ల దగ్గర బేరమాడి కొనే పద్ధతి పోయి, ప్రభుత్వం కట్టిన ధరకు గిడ్డంగుల్లో కొనాల్సి వచ్చింది. ఉత్తరంగా, పన్ను తక్కువున్న ఉప్పు లోపలికి రాకుండా సింధు నది నుంచి మహానది దాకా సుంకపు సరిహద్దు ఒకటి పెరిగింది. చాలా చోట్ల అది అక్షరాలా ముళ్లకంచె. 1869 నాటికి 2,300 మైళ్ల పొడవున దాదాపు పన్నెండు వేల మంది దాన్ని కాపలా కాశారు. కాంగ్రెసు స్థాపకుల్లో ఒకడైన హ్యూమ్ అప్పుడు ఆ సుంకాల శాఖ కమిషనర్. 1879లో ఆ కంచెను ఎత్తేసేనాటికి బిడారులకు అంతకంటే పెద్ద పోటీ వచ్చేసింది.

బొంబాయి నుంచి రైలు 1867లో నాగపూర్ చేరింది. పడమటి తీరపు ఉప్పు అక్కడ దిగడం మొదలైంది. 1880లో నాగపూర్ నుంచి తూర్పుకు మీటర్‌గేజి పనులు సాగి, 1882కల్లా రాజ్‌నందగావ్ చేరాయి. దుర్గ్‌కు అది పక్కనే. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడి, 1891కల్లా నాగపూర్, కలకత్తా వైపు లైను కలిసింది. ఛత్తీస్‌గఢ్ వడ్లు ఎద్దులెక్కడం మానేసి బోగీలెక్కాయి. ధర పెరిగిందని రైతు సంతోషించాడు. 1896-97, 1899-1900 కరువుల్లో అదే రైలు ధాన్యాన్ని బయటికీ లోపలికీ రెండు వైపులా మోసింది.

తాండాలు వెంటనే మాయం కాలేదు. కొందరు బండ్లు కట్టారు, కొందరు పశువుల బేరంలో పడ్డారు, కొందరు నాగలి పట్టారు. బస్తర్, జయపురం వైపు రైలు లేదు కాబట్టి అక్కడ పెరికెద్దులు ఇంకో తరం బతికాయి. అయితే ప్రభుత్వం దృష్టి మారింది. ఒక చోట నిలవనివాళ్లను దొంగలుగా ముద్రవేసే నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది. సైన్యాలకు తిండి పెట్టినవాళ్లనే అదే ప్రభుత్వం తర్వాత రోజూ హాజరు వేయించుకునే జాబితాల్లోకి ఎక్కించింది. తెలుగు జిల్లాల్లో ఉప్పు మోసిన ఎరుకలకు పట్టిన గతీ అదే. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టాయి. 1952లో చట్టం రద్దయింది. తెలంగాణలో లంబాడీలకు షెడ్యూల్డు తెగల హోదా 1976 చట్టం తర్వాతే దక్కింది.

బిడారులు తగ్గుతూ వచ్చిన కాలంలోనే ఆస్ట్రేలియా ఎడారి లోపలి భూముల్లో ఇలాంటి పనే ఒంటెలు చేశాయి. 1860లో కరాచీ నుంచి తీసుకెళ్లిన ఒంటెలతో మొదలై, బలూచీ, పఠాన్ తోలరులు గనులకూ గొర్రెల క్షేత్రాలకూ సరుకులు మోసి, 1920ల్లో లారీల రాకతో పని పోగొట్టుకున్నారు. బస్తర్ తేమ అడవికి ఒంటె పనికిరాదు, ఎద్దే గతి. ఎద్దు మోయగలిగిందే ఇక్కడ సరుకైంది. దుర్గ్ జిల్లా ఇనుము కథ దీనికి మంచి ఉదాహరణ. రాజ్‌హరా కొండల ఖనిజం గురించి భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1880ల్లోనే రాశాడు. టాటాలకు నాగపూర్ మ్యూజియంలోని భూగర్భ పటంలో ఈ జిల్లా ఇనుప ఖనిజానికి గుర్తుగా నల్లగా కనిపించి, వాళ్ల నిపుణుడు వెల్డ్ 1903-04లో ఎడ్లబండి మీద వచ్చి ఆ కొండలు తిరిగి చూశాడు. ఖనిజం గొప్పదే; దగ్గర్లో బొగ్గు లేదు, తగిన రవాణా లేదు. టాటాలు మయూర్‌భంజ్ వైపు వెళ్లిపోయారు. రాజ్‌హరా ఇంకో యాభై ఏళ్లు ఆగింది.

దక్షిణపు దారికి రైలు 1931లో వచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ లైను పూర్తయింది. రెండేళ్లకు విశాఖ రేవు తెరిచారు. ఛత్తీస్‌గఢ్ సరుకు సముద్రం చేరడమే ఆ లైను ఉద్దేశం, అంటే బిడారుల పనే. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యాక ఆ రైలు ఎదురు దిక్కులో మనుషులను మోసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ల నుంచి కూలీలూ మేస్త్రీలూ ఫిట్టర్లూ వచ్చి సెక్టర్లలో స్థిరపడ్డారు. సెక్టర్ 5లో బాలాజీ మందిరం వెలిసింది. సెక్టర్ 7 క్వార్టర్లలోనూ దల్లీ రాజ్‌హరా గనుల కాలనీల్లోనూ ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడుకునే ఇళ్లు మూడో తరానికి వచ్చాయి.

2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్, విశాఖపట్నం వందే భారత్ రైలు ఈ దూరాన్ని సుమారు ఎనిమిది గంటల్లో దాటుతోంది. రైలు దారి తూర్పుగా ఒడిశా మీదుగా పోతుంది. బిడారుల అసలు దారికి దగ్గరగా ఉన్నది రాయపూర్, విశాఖల మధ్య సుమారు 465 కిలోమీటర్ల పొడవుతో తలపెట్టిన ఆరు వరుసల రహదారి. ధమ్తరీ, కాంకేర్, కొండగావ్, కొరాపుట్, సాలూరు పరిసరాల నుంచే అది వెళ్తుంది. కేశ్‌కాల్ కొండల దగ్గర దానికి సొరంగం తవ్వారు. ఎద్దులు ఎక్కిన కనుమను లారీలు ఎక్కే పనిలేదు. ఆ రహదారి లెక్కల్లో ముందు వరసలో ఉన్న సరుకులు ఇనుప ఖనిజం, ఉక్కు, బియ్యం. ఉప్పు ఏ దారిన వస్తుందో ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పుడు ఎవరూ అడగరు. రేషన్ దుకాణంలో బియ్యంతోపాటు అయొడైజ్డ్ ప్యాకెట్టు ఇస్తారు.